2147483647: తరచుగా అడిగే ప్రశ్నలు

కోడింగ్ నేర్చుకునేవాళ్లకి ఈ పదంకెల సంఖ్య ఏదో ఒక ఎర్రర్‌లో తగులుతుంది. లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లకి ప్రధాన సంఖ్యల దగ్గర తగులుతుంది. రెండు వైపుల నుంచీ వచ్చే ప్రశ్నలు కలిపి ఇక్కడ ఉన్నాయి. హైస్కూలు లెక్కలు గుర్తుంటే చాలు. ఆయిలర్ అనే గణితవేత్త పద్ధతి దగ్గర మాత్రం కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

దీన్ని తెలుగులో ఎలా చదవాలి?

మన పద్ధతిలో కామాలు పెడితే 2,14,74,83,647. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు.

చూడ్డానికి ఏ పొందికా లేదు. దీనికి ఇంత పేరెందుకు?

పది అంకెల్లో రాస్తే పొందిక కనబడదు. బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే, రాసి చూడండి: వరసగా 31 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా కూడా ఉండదు. 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేసుకుంటూ పోయి, మొదటి 31 సంఖ్యల్ని కూడితే వచ్చే మొత్తం ఇదే. ఇంకో ఒకటి కలిపితే సరిగ్గా 2³¹ అవుతుంది. అందుకే దీన్ని 2³¹ − 1 అని రాస్తారు.

చాలా కంప్యూటర్ భాషల్లో మామూలు పూర్ణసంఖ్యకి 32 బిట్ల చోటు ఉంటుంది (ఒక్కో బిట్‌లో 0 గానీ 1 గానీ పడుతుంది). ప్లస్సా మైనస్సా అని చెప్పడానికి ఒక బిట్ పోతుంది. మిగిలిన 31 బిట్లలోనూ ఒకట్లే ఉంటే వచ్చేది మన సంఖ్య. జావాలో ఇంట్ అనే రకానికి ఇదే గరిష్ఠ విలువ. మైనస్ వైపు మాత్రం −2147483648 దాకా వెళ్లొచ్చు, అంటే అటు ఒకటి ఎక్కువ. సున్నా కూడా ప్లస్ వాళ్ల చోటులోనే కూర్చోవడం వల్ల వచ్చిన తేడా ఇది. చిన్న తేడానే గానీ తమాషాలు చేస్తుంది. జావాలో −2147483648 పరమ మూల్యం ఎంత అని అడిగితే, మళ్లీ −2147483648 అనే చెబుతుంది. ప్లస్ వైపు దానికి చోటు లేదు మరి.

ఇది ప్రధాన సంఖ్యేనా? స్కూల్లో నేర్చుకున్న సూత్రాలతో తేల్చగలమా?

ప్రధాన సంఖ్యే. కానీ భాజనీయతా సూత్రాలు కొంతదూరమే తీసుకెళ్తాయి. చివర 7 ఉంది కాబట్టి 2, 5 పోయాయి. అంకెల మొత్తం 46, కాబట్టి 3 పోయింది. 11కి ఒకటి విడిచి ఒకటి కూడితే 17, 29 వస్తాయి. తేడా 12, అదీ పోయింది. 7 దగ్గర చిన్న చిట్కా ఉంది: 2³ అంటే 8, దాన్ని 7తో భాగిస్తే శేషం 1. కాబట్టి 2³⁰కీ శేషం 1, 2³¹కి 2. ఒకటి తీసేస్తే మన సంఖ్యకి శేషం 1.

ఇలా ఎంతదాకా పోవాలి? వర్గమూలం దాకా. 46340 వర్గం 2147395600, 46341 వర్గం 2147488281. మన సంఖ్య ఈ రెండింటి మధ్య ఉంది. అంటే 46340 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి దాదాపు 4,800. చేత్తో చెయ్యాలంటే ఓపిక కాదు కదా, ఉద్యోగం మానేసి కూర్చోవాలి.

మరి కంప్యూటర్లు లేని రోజుల్లో ఎవరు తేల్చారు?

లియోనార్డ్ ఆయిలర్. 1772లో తోటి గణితవేత్త బెర్నౌలీకి రాసిన లేఖలో ఈ సంగతి చెప్పాడు. అప్పటికి ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, చూపు దాదాపు పూర్తిగా పోయింది. చాలామంది "ఆయిలర్ భాగించి చూశాడట" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ, అసలు అందం భాగహారంలో లేదు. ఏ సంఖ్యలతో భాగించక్కర్లేదో ముందే తెలుసుకోవడంలో ఉంది.

మన సంఖ్యని ఏదో ఒక ప్రధాన సంఖ్య నిశ్శేషంగా భాగిస్తుందని అనుకుందాం. దాన్ని భాజకం అని పిలుద్దాం. 2, 4, 8, 16 ఇలా 2 ఘాతాల్ని ఒక్కొక్కటిగా ఆ భాజకంతో భాగిస్తూ శేషాలు రాసుకుంటే, 31వ మెట్టు దగ్గర శేషం 1 రావాలి. మళ్లీ 62వ మెట్టు దగ్గర, 93వ మెట్టు దగ్గర కూడా. 31 ప్రధాన సంఖ్య కాబట్టి ఈ చక్రం అంతకన్నా ముందే తిరిగే వీలు లేదు. ఇంకోపక్క, ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం భాజకం కన్నా ఒకటి తక్కువ ఉన్న మెట్టు దగ్గర కూడా శేషం 1 రావాలి. రెండూ కుదరాలంటే, భాజకంలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 31 గుణిజం అయి తీరాలి. భాజకం ఎలాగూ బేసి సంఖ్య, కాబట్టి ఆ మిగిలేది 62 గుణిజం కూడా. ఇది మొదటి జల్లెడ: 62తో భాగిస్తే 1 మిగిలేవి తప్ప మిగతావన్నీ పక్కకి.

రెండో జల్లెడ: 2³¹కి శేషం 1 అయితే 2³²కి శేషం 2. కానీ 2³² అంటే 65536 వర్గం. అంటే ఒక వర్గసంఖ్యని భాజకంతో భాగిస్తే 2 మిగులుతోంది. ఇలా జరగాలంటే ఆ బేసి ప్రధాన సంఖ్యని 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగలాలి. దీన్ని మొదటి జల్లెడతో కలిపితే, భాజకాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 ఉండాలి.

ఇప్పుడు లెక్క చూడండి. 46340 లోపు అలాంటివి 373 మాత్రమే. మొదటిదైన 63ని చూడగానే తీసెయ్యొచ్చు, 372 మిగులుతాయి. వాటిలో కూడా ఎక్కువ భాగం ప్రధాన సంఖ్యలు కావు. 249లో 3 ఉంది. 311 ప్రధాన సంఖ్య, దాంతో భాగించాలి: 311 × 6905092 = 2147483612, శేషం 35. పోయింది. తర్వాత 497లో 7 ఉంది, 559లో 13 ఉంది, 745లో 5, 807లోనూ 993లోనూ 3, 1055లో 5, 1241లో 17. మళ్లీ 1303 దగ్గర గానీ ఇంకో ప్రధాన సంఖ్య రాదు. దానికి శేషం 226. ఇలా 46340 దాకా ఏదీ నిశ్శేషంగా పోలేదు. పని తేలింది.

ఆయిలర్ కన్నా ముందే ఇటలీలో ఒకాయన చెప్పాడంటారు?

పియెత్రో కాటల్డీ. 2¹⁷ − 1, 2¹⁹ − 1 ప్రధాన సంఖ్యలని సరిగ్గా తేల్చి, ఆ ఊపులో 23, 29, 31, 37 ఘాతాలకి కూడా అదే మాట 1603లో అనేశాడు. అందులో 31 ఒక్కటే నిలబడింది. 2²³ − 1లో 47 ఉంది, 2²⁹ − 1లో 233 ఉంది, 2³⁷ − 1లో 223 ఉంది. నాలుగు చెప్తే ఒకటి తగిలినంత మాత్రాన ఘనత ఆయనకి ఇవ్వడం నాకైతే సరి అనిపించదు.

మెర్సెన్ సంఖ్య అంటే ఇదేనా?

ఇది వాటిలో ఒకటి. 2 ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చేవి మెర్సెన్ సంఖ్యలు. 1644లో మారిన్ మెర్సెన్ అనే ఫ్రెంచి మతగురువు 257 వరకు ఏ ఘాతాలకి ప్రధాన సంఖ్య వస్తుందో జాబితా ఇచ్చాడు. అందులో 31 ఉంది, సరైనదే. 67, 257 మాత్రం తప్పు. 61, 89, 107 రాయడమే మర్చిపోయాడు. జాబితాలో అయిదు తప్పులున్నా పేరు ఆయనకే దక్కింది.

సరైన వరస 2, 3, 5, 7, 13, 17, 19, 31 అని సాగుతుంది. అంటే మనది ఎనిమిదో మెర్సెన్ ప్రధాన సంఖ్య. ఇంకో విశేషం, 31 కూడా మెర్సెన్ ప్రధాన సంఖ్యే (2⁵ − 1). ఇలా ఘాతం కూడా మెర్సెన్ ప్రధాన సంఖ్య అయినవి ఇప్పటిదాకా దొరికినవి నాలుగే: 7, 127, 2147483647, 2¹²⁷ − 1.

ఘాతం ప్రధాన సంఖ్య అయితే చాలా?

చాలదు. 11 ప్రధాన సంఖ్యే, కానీ 2¹¹ − 1 = 2047 = 23 × 89. తిరగేసి చెప్తే మాత్రం నిజం: ఘాతం ప్రధాన సంఖ్య కాకపోతే ఆశ వదులుకోవాల్సిందే. 2¹⁵ − 1 తీసుకోండి. 15లో 3, 5 ఉన్నాయి కాబట్టి 2³ − 1, 2⁵ − 1 రెండూ, అంటే 7, 31 దాన్ని భాగిస్తాయి. 32767 = 7 × 31 × 151.

కంప్యూటర్‌కి ఈ హద్దు పెట్టింది ప్రధాన సంఖ్య అనేనా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కాదు. హద్దు వచ్చింది 32 బిట్ల వల్ల. అందులో 31 ఉండటం, 31కి ప్రధాన సంఖ్య రావడం మన అదృష్టం. 16 బిట్ల వాటికి హద్దు 32767, అది ప్రధాన సంఖ్య కాదని పైనే చూశాం. 64 బిట్ల హద్దు 9223372036854775807. దాన్ని 7తో ఒకసారి కాదు, రెండుసార్లు భాగించవచ్చు. 8 బిట్ల హద్దు 127 మాత్రం మళ్లీ ప్రధాన సంఖ్య. వీటి మధ్య కావాలని చేసిన సంబంధం ఏదీ లేదు.

నేను రాసిన ప్రోగ్రామ్ దీన్ని ప్రధాన సంఖ్య కాదంటోంది. ఎందుకు?

ఇది ఇంటర్వ్యూల ప్రాక్టీసులో తరచుగా వచ్చే తప్పు, చూడ్డానికి మహా సరదాగా ఉంటుంది. మీ లూప్‌లో "భాజకం వర్గం మన సంఖ్యకి మించనంతవరకు తిరుగు" అని షరతు రాసి ఉంటారు. లెక్కప్రకారం 46341 దగ్గర ఆగాలి, ఎందుకంటే దాని వర్గం 2147488281. కానీ ఆ వర్గం ఇంట్‌లో పట్టదు. జావాలో అయితే అది చుట్టు తిరిగి −2147479015 అవుతుంది. మైనస్ సంఖ్య కాబట్టి షరతు ఇంకా నిజమే, లూప్ ఆగదు. తర్వాత ఏ వర్గం వచ్చినా ఇంట్‌లో ఉన్నది ఏదైనా 2147483647కి మించలేదు కదా, షరతు ఎప్పటికీ అబద్ధం కాదు. అలా తిరిగి తిరిగి భాజకం చివరికి 2147483647 అవుతుంది. తనని తాను భాగించుకుంటే శేషం సున్నా. వెంటనే ప్రోగ్రామ్ "దొరికింది, ప్రధాన సంఖ్య కాదు" అని ప్రకటిస్తుంది.

మందు తేలిక. వర్గం కట్టకుండా, సంఖ్యని భాజకంతో భాగిస్తే వచ్చే విలువ కన్నా భాజకం పెద్దదయ్యేదాకా తిరగమని రాయండి. లేదా 64 బిట్ల లాంగ్ అనే రకం వాడండి.

చేత్తో చేసేంత వేగమైన పరీక్ష ఏమైనా ఉందా?

మెర్సెన్ సంఖ్యలకి మాత్రం ఉంది. ఫ్రాన్స్‌కి చెందిన లూకాస్ 19వ శతాబ్దంలో మొదలుపెడితే, అమెరికాకి చెందిన డి. హెచ్. లెహ్మర్ 20వ శతాబ్దంలో దాన్ని సాఫు చేశాడు. 4తో మొదలుపెట్టండి. వర్గం కట్టి 2 తీసెయ్యండి, మెర్సెన్ సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. ఘాతం కన్నా రెండు తక్కువ సార్లు ఇలా చేశాక సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు.

31తో చేసి చూద్దాం, ఘాతం 5 కాబట్టి మూడుసార్లు. 4 నుంచి 14. 14 నుంచి 194, దాని శేషం 8. 8 నుంచి 62, శేషం 0. అయిపోయింది. 2147483647కి 29 సార్లు చాలు. చేత్తో చేస్తే ఒక మధ్యాహ్నం పని, తప్పు పోకుండా ఉంటే.

పరిపూర్ణ సంఖ్యలతో దీనికి సంబంధం ఏమిటి?

తనని వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే తానే వచ్చే సంఖ్య పరిపూర్ణ సంఖ్య. 6 = 1 + 2 + 3. తర్వాతవి 28, 496, 8128. మెర్సెన్ ప్రధాన సంఖ్య ఒకటి దొరికితే పరిపూర్ణ సంఖ్య ఒకటి దొరికినట్టే. మన సంఖ్యని 2³⁰తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది, ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య.

1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లీషు గణితవేత్త, బహుశా ఇంతకన్నా పెద్ద పరిపూర్ణ సంఖ్య ఎప్పటికీ దొరకదేమో అన్నాడు. కారణం కూడా చెప్పాడు: ఇవి వింతే గానీ ఉపయోగం లేనివి, కాబట్టి ఎవరూ వెతకరు అని. మనుషుల్ని తక్కువ అంచనా వేశాడు. ఉపయోగం లేదనే మాట విని ఆగిపోయే జాతి కాదు గణితవేత్తలది.

ఈ ప్రధాన సంఖ్య వల్ల నిజంగా ఏమైనా ఉపయోగం ఉందా?

ఉంది. కంప్యూటర్లలో యాదృచ్ఛిక సంఖ్యల్లా కనబడేవి పుట్టించడానికి చాలా ఏళ్లు దీన్నే వాడారు. పద్ధతి చాలా చిన్నది: చేతిలో ఉన్న సంఖ్యని 16807తో (అంటే 7⁵) గుణించి 2147483647తో భాగించి శేషం తీసుకోవాలి, అదే కొత్త సంఖ్య. 1తో మొదలుపెడితే 16807, తర్వాత 282475249, తర్వాత 1622650073. ఇలా పోతే 1 నుంచి 2147483646 దాకా ఉన్న ప్రతి సంఖ్యా ఒక్కొక్కసారి వచ్చాక గానీ మళ్లీ 1 రాదు. భాజకం ప్రధాన సంఖ్య కాబట్టే ఇంత పొడవైన చక్రం సాధ్యమైంది. 1988లో పార్క్, మిల్లర్ దీన్ని కనీస ప్రమాణంగా పెట్టుకోమన్నారు. సీ ప్లస్ ప్లస్‌లో ఇప్పటికీ ఉంది. పాస్‌వర్డ్‌ల లాంటి వాటికి మాత్రం వాడకండి, ఒక్క సంఖ్య తెలిస్తే తర్వాతవన్నీ ఎవరైనా చెప్పేస్తారు.

డేటాబేస్‌లో కస్టమర్లందరి ఫోన్ నంబర్ 2147483647 అని పడింది. వైరసా?

వైరస్ కాదు. మన మొబైల్ నంబర్లు పదంకెలు, 6, 7, 8, 9 లలో ఏదో ఒకదానితో మొదలవుతాయి. అంటే ప్రతి మొబైల్ నంబరూ ఈ హద్దుని దాటేదే. ఫోన్ నంబర్ కాలమ్‌ని ఇంట్‌గా పెట్టి, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువ వస్తే ఎర్రర్ చెప్పే అమరిక) ఆపేసి ఉంటే, పట్టని ప్రతి నంబరునీ అది హద్దుకి కుదించి రాసేస్తుంది. అసలు నంబర్లు ఆ కాలమ్‌లోంచి తిరిగి రావు, బ్యాకప్ చూసుకోవాల్సిందే. ఫోన్ నంబర్‌తో కూడికలు చెయ్యం కదా, దాన్ని అక్షరాలుగా దాచుకోవడమే మేలు.

డబ్బు లెక్కల్లోనూ జాగ్రత్త. పైసల్లో దాచితే ఈ హద్దు 2,14,74,836 రూపాయల 47 పైసల దగ్గర వస్తుంది. హైదరాబాద్‌లో ఒక మంచి ఫ్లాట్ ధర దాటేస్తుంది.

యూట్యూబ్‌ని ఇది ఇబ్బంది పెట్టిందట?

2014 డిసెంబర్‌లో గ్యాంగ్నమ్ స్టైల్ వీడియో వ్యూస్ ఈ హద్దు దాకా వచ్చాయి. యూట్యూబ్ కౌంటర్‌ని 64 బిట్లకి మార్చింది.

2038 సమస్య ఏమిటి?

యూనిక్స్ వ్యవస్థల్లో కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కిస్తారు. ఆ లెక్కని 32 బిట్లలో దాచిన చోట, 2038 జనవరి 19న గ్రీనిచ్ సమయం 03:14:07కి సెకన్లు సరిగ్గా 2147483647 అవుతాయి. మనకి అది మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. తర్వాతి సెకనులో గడియారం 1901 డిసెంబర్ 13కి వెనక్కి దూకుతుంది. కొత్త ఫోన్లు, సర్వర్లలో ఎక్కువ భాగం ఇప్పటికే 64 బిట్లకి మారాయి కాబట్టి వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు. పాత యంత్రాల్లో ఇమిడిపోయిన చిన్న చిన్న చిప్‌లే అసలు తలనొప్పి.

ఈ బాపతు ఇంకోటి 2015లో బయటపడింది. బోయింగ్ 787 విమానంలో కరెంటు 248 రోజులు ఆపకుండా ఉంచితే జనరేటర్లని నియంత్రించే సాఫ్ట్‌వేర్‌లో కౌంటర్ నిండిపోతుందని అమెరికా విమానయాన సంస్థ హెచ్చరించింది. 2³¹ని సెకనులో నూరో వంతులుగా లెక్కేస్తే 248 రోజుల పైచిలుకు వస్తుంది. ఆయిలర్ జల్లెడలోనూ 248 ఉంది కదా అంటారేమో, అది వట్టి కాకతాళీయం.

దీనికి జంట ప్రధాన సంఖ్య ఉందా? రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా?

జంట లేదు. రెండు తక్కువైతే చివర 5 వస్తుంది, రెండు ఎక్కువైతే 3తో భాగం పోతుంది. దీనికి ముందున్న ప్రధాన సంఖ్య 2147483629, తర్వాతది 2147483659. వరసలో ఇది 10,50,97,565వ ప్రధాన సంఖ్య.

8తో భాగిస్తే 7 మిగులుతుంది కాబట్టి రెండు వర్గాలే కాదు, మూడు వర్గాల మొత్తంగా కూడా రాయలేం. నాలుగు కావాలి.

కల్పం ఇందులో పడుతుందా?

సంకల్పంలో శ్వేతవరాహ కల్పే అని చెప్పుకుంటామే, ఆ కల్పం 432 కోట్ల సంవత్సరాలు. ఇంట్‌లో పట్టదు. మైనస్ బిట్ కూడా వదులుకుని 32 బిట్లూ ఇచ్చేస్తే హద్దు 4294967295 అవుతుంది. అప్పుడూ 2 కోట్ల 50 లక్షల పైచిలుకు తక్కువే.

ఇప్పుడు అతిపెద్ద ప్రధాన సంఖ్య ఏది?

ఆయిలర్ చెప్పిన తర్వాత దశాబ్దాలపాటు ఆ రికార్డు 2147483647దే. ఇప్పుడు 2024 అక్టోబర్‌లో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1ది. అదీ మెర్సెన్ ప్రధాన సంఖ్యే, దానికి 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు ఉన్నాయి.

4294967295 కూడా ప్రధాన సంఖ్యేనా?

కాదు, చివర 5 కనబడుతూనే ఉంది. కానీ విడగొడితే ముచ్చటగా ఉంటుంది: 3 × 5 × 17 × 257 × 65537. ఈ అయిదూ ఫెర్మా ప్రధాన సంఖ్యలు, అంటే 2 ఘాతానికి ఒకటి కలిపితే వచ్చే ప్రధాన సంఖ్యలు. ఇప్పటిదాకా దొరికినవి అవే. ఆ వరసలో తర్వాతది 4294967297. దాన్నీ ప్రధాన సంఖ్యే అని ఫెర్మా నమ్మాడు. 1732లో అందులో 641ని పట్టుకున్నదీ ఆయిలరే.